లిఫ్టు నడిపిన కవి, ప్రెస్సు కట్టిన కుర్రాడు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ స్కూలు ప్రాజెక్టు కోసం అమెరికాలో కొత్త దారి వేసినవాళ్ల పేర్లు కావాలన్నారు. సాహిత్యానికి ఒకరు, కట్టడాలకు ఒకరు, విమానాలకు ఒకరు. పేర్లదేముంది, ఫోన్లో నొక్కితే వచ్చేస్తాయి. నేను మాత్రం ఒక ఊరి సంగతి రాస్తాను. ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు. మీ మూడు గళ్లలో రెండు అక్కడే నిండిపోతాయి, కట్టడాల గడికి మాత్రం మధ్యలో షికాగో దాకా వెళ్లొద్దాం.

1890 ప్రాంతంలో డేటన్ సెంట్రల్ హైస్కూల్లో ఇద్దరు కుర్రాళ్లు ఒకే క్లాసులో ఉండేవారు. ఒకడు ఆర్విల్ రైట్. రెండోవాడు పాల్ లారెన్స్ డన్‌బార్. పాల్ అమ్మానాన్నలు కెంటకీలో బానిసలుగా బతికినవాళ్లు. తండ్రి తప్పించుకుని వచ్చి, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరాడు. క్లాసు మొత్తంలో నల్లజాతి పిల్లవాడు పాల్ ఒక్కడే. అయినా బడి పత్రికకు ఎడిటరు అతనే, సాహిత్య సంఘానికి అధ్యక్షుడూ అతనే.

ఆర్విల్‌కు చదువు కన్నా అచ్చుపని మీద మోజు ఎక్కువ. పగిలిన సమాధి రాయి ఒకటి, పాత గుర్రపు బగ్గీ విడిభాగాలు కొన్ని పోగేసి, అన్న విల్బర్ సాయంతో ప్రెస్సు కట్టేశాడు. ఆఖరి ఏడు చదవకుండానే బడి మానేసి అదే వ్యాపారంలో దిగాడు. (ఇది పట్టుకుని మీ అమ్మతో వాదనకు దిగకండి. నా పేరు అసలే చెప్పకండి.) 1890 డిసెంబరులో పాల్ తమవాళ్ల కోసం 'డేటన్ టాట్లర్' అనే పత్రిక పెడితే, అచ్చువేసింది రైట్ సోదరులే. చేతిలో డబ్బు లేక అది కొద్ది సంచికలకే మూతపడింది.

1891లో పాల్ హైస్కూలు పూర్తిచేశాడు. అంత చదివి, అంత రాసిన కుర్రాణ్ణి ఊళ్లో ఒక్క ఆఫీసూ గుమస్తాగా తీసుకోలేదు. కారణం ఒంటి రంగు. చివరికి కల్లహాన్ బిల్డింగులో లిఫ్టు నడిపే పని దొరికింది. వారానికి 4 డాలర్లు. బడి మానేసినవాడు సొంత వ్యాపారం పెట్టుకోగలిగాడు, బడి పూర్తిచేసినవాడు లిఫ్టులో నిలబడ్డాడు. మార్గదర్శకుల కథలు చెప్పేటప్పుడు చాలామంది ఈ ముక్క దాటేస్తారు. మీరు దాటెయ్యకండి.

లిఫ్టు అన్నాను కాబట్టి కట్టడాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తాడు తెగితే ప్రాణం పోతుందన్న భయంతో మనుషులు ఎక్కడానికి జంకేవాళ్లు. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలిషా ఓటిస్ అనే మెకానిక్కు తనే పైకెక్కి నిలబడి, అందరూ చూస్తుండగా తాడు తెగనరికించాడు. లిఫ్టు కొంచెం జారి టక్కున ఆగింది. కిటుకు చిన్నదే. తాడు బిగువుగా ఉన్నంతసేపు పైనున్న స్ప్రింగు వంగి ఉంటుంది. తాడు తెగగానే అది సాగి, రెండు కొసలూ పక్కనున్న పళ్ల పట్టాల్లో ఇరుక్కుంటాయి.

మనుషులు పై అంతస్తులకు ఎక్కే మార్గం దొరికింది. ఇక గోడల సమస్య. షికాగోలో 1891లో లేచిన మొనాడ్‌నాక్ బిల్డింగు 16 అంతస్తులు. బరువంతా ఇటుక గోడలే మోయాలి కాబట్టి అడుగున గోడ మందం ఆరడుగుల దాకా ఉంచాల్సి వచ్చింది. అంటే మీ నాన్న అడ్డంగా పడుకున్నా గోడ లోపలే! అదే షికాగోలో విలియం జెన్నీ అంతకుముందే, 1885లో, పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగుకు లోహపు చట్రం వాడి బరువు చాలావరకు దాని మీదికి మళ్లించాడు. చట్రం మోస్తుంటే గోడలు పల్చగా ఉన్నా పరవాలేదు, కిటికీలు ఎంత పెద్దవైనా పెట్టుకోవచ్చు. ఆకాశహర్మ్యాలన్నిటికీ దారి అక్కడ పడింది.

మళ్లీ పాల్ దగ్గరికి వద్దాం. తొలి పుస్తకం 'ఓక్ అండ్ ఐవీ' అచ్చుకు 125 డాలర్లు అప్పయింది. పైకీ కిందికీ తిరుగుతూ, లిఫ్టు ఎక్కినవాళ్లకే ఒక్కో పుస్తకం డాలరుకు అమ్మి అప్పు తీర్చేశాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్తే, బానిసత్వంపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ అతన్ని చేరదీసి పని ఇప్పించాడు. 1896లో హొవెల్స్ అనే పెద్ద విమర్శకుడు మెచ్చుకుంటూ రాయడంతో దేశమంతా పేరు వచ్చింది. కానీ హొవెల్స్ మెచ్చింది ముఖ్యంగా నల్లజాతివాళ్ల యాసలో రాసిన పద్యాల్ని. ఆ తర్వాత అందరూ యాసే కావాలన్నారు, మిగతా కవిత్వాన్ని పక్కన పెట్టారు. ఆ మెప్పు తనకు తీరని నష్టం చేసిందని పాల్ ఒక ఉత్తరంలో బాధపడ్డాడు. నాకైతే 'సింపతీ' గొప్ప పద్యం. పంజరంలో పక్షి ఎందుకు పాడుతుందో తనకు తెలుసంటాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పనిచేసినప్పుడు పుస్తకాల బీరువాల ఇనుప జాలీలు చూసి ఆ ఊహ పుట్టిందని భార్య ఆలిస్ రాసింది. క్షయతో 1906లో, 33 ఏళ్లకే పోయాడు.

ఈలోపు రైట్ సోదరులు సైకిళ్ల షాపు పెట్టారు. అప్పటికి అచ్చులో ఉన్న గాలి లెక్కలతో కట్టిన గ్లైడరు సరిగా ఎగరకపోతే, 1901లో షాపులోనే ఆరడుగుల చెక్కపెట్టె చేసి, ఫ్యానుతో గాలి తోలి, రెండు వందల దాకా చిన్న రెక్కల నమూనాలు పరీక్షించారు. గాలి ఒత్తిడి తూచే త్రాసులు దేంతో చేశారో తెలుసా? సైకిలు చువ్వలు, రంపపు బ్లేడ్లు! పుస్తకంలో ఉన్నది తప్పేమో అని అనుమానించి తూచి చూడటమే వాళ్ల అసలు గొప్పతనం అంటాను నేను. 1903 డిసెంబరు 17న నార్త్ కరోలినా తీరంలో కిట్టీ హాక్ అనే ఊరి దగ్గర, ఇంజను పెట్టిన విమానంలో ఆర్విల్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరాడు. ఆ రోజే నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు.

ప్రాజెక్టులో ఆ తొలి ఎగురుడు ఫొటో అతికించండి. అది తీసింది జాన్ డేనియల్స్. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే స్టేషన్లో పనివాడు, అంతకుముందు ఎప్పుడూ ఫొటో తీసి ఎరగడు. విమానం మీద బోర్లా పడుకున్నది ఆర్విల్, పక్కన నేల మీద ఉన్నది విల్బర్. పేర్లు తారుమారు చెయ్యకండి. దాని పక్కనే పాల్ ఫొటో కూడా పెట్టండి. డేటన్‌లో 1992లో ఏర్పడిన జాతీయ చారిత్రక పార్కులో రైట్ల సైకిళ్ల షాపుతో పాటు పాల్ ఇల్లూ ఉంది కాబట్టి, టీచరు అడిగితే ఆ మాట చెప్పండి.

ప్రేమతో
మీ తాతయ్య