గోడ మీద టీవీ, జేబులో ఫోను, మధ్యలో తాళం

‘ఆఫీసుకు రండి’ గొడవ మళ్లీ మొదటికొచ్చింది. 2025 జనవరి 2 నుంచి వారానికి 5 రోజులూ రావాలన్నప్పుడు అమెజాన్ చెప్పిన కారణం అందరికీ గుర్తే: ఎదురెదురుగా ఉంటే కలిసి పనిచేయడం తేలిక. ఉద్యోగులు అడిగేది ఇంకోటి: వచ్చాం సరే, జేబులోని ఫోను గోడ మీది టీవీతో కలవని ఈ మీటింగ్ గదిలో కలిసి పనిచేసే వీలేదీ?

గదిలోని తెరలన్నీ కలిసి పనిచేయాలన్న ఆలోచన పాతదే. 1991లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల ‘పార్క్’లోని పరిశోధకుడు మార్క్ వైజర్ రేపటి ఆఫీసు గదిని మూడు సైజుల కంప్యూటర్లతో నింపారు: అరచేతిలో ఇమిడే ట్యాబ్, కాగితమంత ప్యాడ్, గోడకు బోర్డు. కిటుకంతా ప్యాడ్‌లో ఉంది. అది ఎవరి సొంతమూ కాదు. చిత్తుకాగితంలా బల్ల మీద పడి ఉంటుంది, చేతికందినవాళ్లు వాడుకుని అక్కడే వదిలేస్తారు. 1997లో సోనీ పరిశోధకుడు జున్ రెకిమోటో ఇంకో అడుగు వేశారు: చేతిలోని తెర మీద ఫైలును పెన్నుతో తాకి, ఎదుటి తెరను తాకితే అక్కడికి వచ్చి వాలేది.

2007లో ఐఫోన్ వచ్చింది. ఆ తర్వాత అందరి చేతుల్లోకీ చేరిన ఫోను ఎవరిది వాళ్లదే: సొంత ఖాతా, సొంత తాళం, ఇంటి మెసేజ్‌లు. నన్నడిగితే బండి పక్కదారి పట్టింది ఇక్కడే. ఉద్యోగుల సొంత ఫోన్ల నుంచి ఆఫీసు డేటా జారిపోతుందని కంపెనీల భద్రతా విభాగాలు వాటిని గెస్ట్ వైఫైలోకి, అంటే అతిథుల కోసం విడిగా పెట్టిన నెట్‌వర్క్‌లోకి, నెట్టాయి. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఫోన్లోది టీవీ మీద చూపించే 2010 నాటి ఎయిర్‌ప్లే, 2013 నాటి క్రోమ్‌కాస్ట్ మామూలుగా ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న టీవీనే వెతుక్కుంటాయి. టీవీ ఆఫీసు నెట్‌వర్క్‌లో, ఫోను గెస్ట్‌లో ఉంటే ఒకదానికొకటి కనిపించవు.

పోనీ ఆఫీసు యాప్ వేసుకుందామా అంటే, చాలాచోట్ల అందులోని ఆఫీసు డేటాను, కొన్నిచోట్ల ఫోను మొత్తాన్నీ దూరం నుంచి తుడిచే అధికారం కంపెనీకి ఇవ్వాలి. సొంత డబ్బుతో కొన్న ఫోను మీద ఆ పెత్తనం ఎందుకని అడిగితే తప్పేముంది? ఒప్పుకోనివాళ్లు బోర్డు మీద రాసింది ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. దాచాలనుకున్నదే బయటికి పోతుంది.

మిగతావాళ్లు, ఫోను టీవీకి కలవదు కాబట్టి, స్లైడు చూడ్డానికి అదే గదిలో, అదే బల్ల చుట్టూ కూర్చుని, ఎవరి ఫోన్లో వాళ్లు ఒకే వీడియో కాల్‌లో చేరతారు. ఒక్కరు మైకు ఆపడం మరిచినా గదంతా కీచుమంటుంది.