మన ఎమ్మెల్యే ఎటు ఓటేశారు? వ్యాపారం, భూమి, లైసెన్సుల బిల్లుల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

అసెంబ్లీకి వచ్చే బిల్లుల్లో వ్యాపారం, భూమి, పని గంటలు, లైసెన్సులు, ఫీజులకు సంబంధించినవి ఏరి చదవడం, ఉమ్మడి వరంగల్ జిల్లాలోని 12 నియోజకవర్గాల సభ్యులు వాటి మీద ఏం చేశారో రాసిపెట్టడం హన్మకొండలో నేను చేసే పని. ఎనుమాముల మార్కెట్ యార్డు అడ్తిదారులు, కొత్తవాడ నేతన్నలు, ప్లాట్లు కొని ఇరుక్కున్న టీచర్లు, కోర్టు వకీళ్లు వచ్చి అడుగుతుంటారు. వాళ్ల ప్రశ్నలు సరైనవే. ఆ ప్రశ్నల వెనుక ఉన్న కొన్ని నమ్మకాలు మాత్రం దారి తప్పిస్తాయి.

అపోహ: "ఎవరు ఎటు ఓటేసిండ్రో అసెంబ్లీ రికార్డుల ఉంటది. తీసి చూస్తే అయిపాయె."

చాలా బిల్లుల విషయంలో ఉండదు. చర్చ ముగిశాక స్పీకర్ అనుకూలంగా ఉన్నవారిని "అవును" అనమంటారు, కాదనేవారిని "కాదు" అనమంటారు. గొంతులు విని, బిల్లు ఆమోదం పొందిందని ప్రకటిస్తారు. మూజువాణి ఓటు అని మనం పేపర్లో చదివేది ఇదే. బిల్లు నెగ్గిందన్న సంగతి తప్ప ఏ పేరూ కాగితం మీదికి ఎక్కదు.

రాజ్యాంగంలోని 189వ అధికరణ ప్రకారం సభకు హాజరై ఓటేసినవారిలో మెజారిటీ ఉంటే చాలు. ఆ మెజారిటీని పేరుపేరునా రాయాలని అందులో లేదు. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, కూడా మొత్తం సభ్యుల్లో పదో వంతే. మన 119 మంది సభలో 12 మంది ఉంటే బిల్లు పని నడిచిపోతుంది. కాబట్టి "ఆ రోజు మన ఎమ్మెల్యే సభలో ఉన్నారా?" అన్నది కూడా చిన్న ప్రశ్నేం కాదు.

సభ్యులు డివిజన్ కోరితే, స్పీకర్ ఒప్పుకుంటే, తలలు లెక్కపెట్టి ఓటింగ్ జరుగుతుంది. బిల్లుల మీద అలా అడగడమే అరుదు. అడిగినా దక్కుతుందన్న భరోసా లేదు. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ మార్కెట్ల స్వరూపాన్నే మార్చే బిల్లులు రాజ్యసభలో మూజువాణి ఓటుతోనే నెగ్గాయి. ప్రతిపక్షం డివిజన్ కోరింది, జరగలేదు. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి. అంత గొడవ జరిగిన ఓటులో ఏ సభ్యుడు ఎటో చూపే జాబితా ఈ రోజుకీ లేదు.

ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. అమెరికాలో సభ్యులకు మార్కులు వేసే పట్టికలు మనవాళ్లు ఫోన్లలో చూస్తున్నారు. అక్కడి కాంగ్రెస్‌లో హాజరైన సభ్యుల్లో ఐదో వంతు అడిగితే పేర్లతో ఓటు నమోదు చేయాలని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. రాష్ట్రాల చట్టసభల్లోనూ పేరువారీ ఓటు మామూలు విషయం. అందుకే అమెరికన్స్ ఫర్ డెమోక్రటిక్ యాక్షన్ లాంటి సంస్థ 1947 నుంచీ ఏటా కొన్ని ఓట్లు ఎంచుకొని సభ్యులకు మార్కులు వేయగలిగింది. మార్కెట్ స్వేచ్ఛను సమర్థించే సంస్థలు తమ కొలతతో తమ పట్టికలు తయారుచేస్తాయి. ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెస్తే నింపడానికి అంకెలే దొరకవు.

అపోహ: "విప్ ఉన్నంక ఎమ్మెల్యే ఏం చేస్తడు? ఆయన్ని చూసుడు దండుగ."

సగం నిజం. విప్ అంటే ఇటే ఓటేయాలని పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోవచ్చు. ఇది మన జిల్లాకు కొత్త కాదు. 2011 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో అవిశ్వాస తీర్మానం మీద విప్ ధిక్కరించి ఓటేసినవారి మీద అనర్హత వేటు పడింది. 2012 జూన్‌లో పరకాలలో ఉప ఎన్నిక జరిగింది అందుకే. అది తలలు లెక్కపెట్టిన ఓటు కాబట్టి ఎవరు ఎటో లోకమంతా చూసింది.

ఇక మిగతా సగం. విప్ కట్టేసేది ఓటును. ప్రశ్న అడగవద్దని, సవరణ ఇవ్వవద్దని, ఫలానా క్లాజు వల్ల మా మార్కెట్‌కు నష్టమని లేచి చెప్పవద్దని విప్ అనదు. సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు కోర్టు కేసుల నుంచి 194వ అధికరణ రక్షణ ఉండనే ఉంది. నేను చూసేది అక్కడే. ఒక బిల్లు వచ్చినప్పుడు మన సభ్యుడు సవరణ నోటీసు ఇచ్చారా, ఏ క్లాజు మీద ఇచ్చారు, చర్చలో బిల్లు గురించి మాట్లాడారా లేక నాయకుడి పొగడ్తతో సమయం అయిపోయిందా, బిల్లును వివరంగా పరిశీలించే సెలెక్ట్ కమిటీకి పంపమని అడిగారా, చట్టం వచ్చిన ఏడాది తర్వాత దాని అమలు మీద ప్రశ్న వేశారా, ఇవన్నీ చూస్తాను. ఒక సభ్యుడి ఆర్థిక ఆలోచన ఏమిటో మూజువాణి ఓటులో కలిసిపోయిన గొంతు కన్నా ఒక్క సవరణ నోటీసు బాగా చెబుతుంది.

మన రాష్ట్రాల్లో దాదాపు సగం బిల్లులు సభ ముందుకు వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ఆమోదం పొందుతున్నాయి. సవరణ రాయాలంటే ముందు బిల్లు చదవాలి, చదవాలంటే వ్యవధి ఉండాలి. అధికారంలో ఎవరున్నా ఈ తొందర నాకు బాధగానే ఉంటుంది.

అపోహ: "వాకౌట్ చేసిండ్రంటే వ్యతిరేకంగా ఓటేసినట్టే."

కాదు. సభలో లేనివారికి ఓటు లేదు. నిరసనగా బయటికి వెళ్లడం రాజకీయంగా పెద్ద మాటే కావచ్చు, బిల్లు లెక్కలో మాత్రం అది సున్నా. నినాదాల మధ్య నెగ్గిన బిల్లులదీ ఇదే కథ. భూభారతి బిల్లు 2024 డిసెంబరు 20న ఆమోదం పొందిన రోజు సభ వేరే కేసు మీద గొడవతో అట్టుడికిపోతోంది. తెలంగాణలో ప్రతి పట్టాదారు పాసుపుస్తకాన్ని తాకే బిల్లు మీద ఆ రోజు ప్రతిపక్షం ఓటు ఎటు అని అడిగితే, నా పట్టికలో ఆ గడి ఖాళీగానే ఉంది.

అపోహ: "రూల్స్ అన్నీ అసెంబ్లీల ఓటుతోనే మారుతయి."

ఈ ఒక్క అపోహ పోతే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

2025 జూలై 5న 282 నంబరు జీవో వచ్చింది. దుకాణాలు కాకుండా ఇతర వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చు, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి, మూడు నెలల్లో ఓవర్‌టైం 144 గంటలు మించకూడదు. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే పిల్లలు "మన ఎమ్మెల్యే దీనికి ఓటేసిండా సార్?" అని అడిగారు. ఎవరూ ఓటేయలేదు. దుకాణాలు, సంస్థల చట్టంలోని 73వ సెక్షన్ మినహాయింపులిచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ చట్టం 1988 నాటిది. అసలు ఓటు అప్పుడే పడిపోయింది. 2023లో దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చన్నదీ జీవోతోనే. 2020 ఆగస్టు 31 నాటి 131 జీవోతో వచ్చిన, అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్‌కు రాష్ట్రమంతటా పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ ఫీజుల లెక్కలు వచ్చిందీ జీవోలోనే.

అందుకే బిల్లు చేతికి రాగానే నేను ముందు వెతికేది "నిర్దేశించిన విధంగా", "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా" అన్న మాటల్ని. అవి ఎన్ని చోట్ల ఉంటే అన్ని చోట్ల రేపటి నిబంధన సభ చేయి దాటి సచివాలయానికి వెళ్లిపోయిందని అర్థం. స్వేచ్ఛ ఇచ్చే జీవో కావచ్చు, బిగించే జీవో కావచ్చు, రాసే చేయి మాత్రం ఒకటే. కొత్త రూల్స్‌ను సభ ముందు ఉంచాలని చాలా చట్టాల్లో ఉంటుంది. బల్ల మీద పెట్టిన ఆ పత్రాల మీద చర్చ అడిగిన సభ్యుడు కనిపిస్తే నేను పేరు చుట్టూ గీత గీసి పెట్టుకుంటాను.

ఆర్డినెన్సు మరో దారి. 213వ అధికరణ ప్రకారం సభ లేనప్పుడు వచ్చి, సభ కూడిన ఆరు వారాల్లోపు చట్టంగా మారకపోతే రద్దవుతుంది. ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం 2017 జూన్‌లో అలా ఆర్డినెన్సుగానే మొదలైంది. ఓటు తర్వాత వచ్చింది.

ఇక జీఎస్టీ రేట్లు మన అసెంబ్లీ చేతిలోనే లేవు. అవి తేలేది కేంద్ర, రాష్ట్రాల మంత్రులుండే జీఎస్టీ కౌన్సిల్‌లో. కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి. 2025 సెప్టెంబరులో జరిగిన 56వ సమావేశం బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి, బీడీ చుట్టే ఆకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని తీర్మానించింది. నిజామాబాద్, జగిత్యాల బీడీ కార్మికులకు, ములుగు, భూపాలపల్లిలో తునికాకు ఏరేవాళ్లకు సంబంధించిన ఆ నిర్ణయంలో మన ఎమ్మెల్యేల పాత్ర లేదు. రాష్ట్రం తరఫున మంత్రి కౌన్సిల్‌లో ఏ వైఖరి తీసుకున్నారని సభలో అడిగే హక్కు మాత్రం ప్రతి సభ్యుడికీ ఉంది.

అపోహ: "రూల్స్ తగ్గిస్తే స్వేచ్ఛకు ఓటు, పెంచితే వ్యతిరేకం. నూటికి మార్కులు వేసేయొచ్చు."

నేను మార్కులు వేయను. ఎందుకో చెబుతాను.

పరిశ్రమల అనుమతుల కోసం వచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం (2014) భారీ ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు రావాలంది. భవన నిర్మాణ అనుమతుల కోసం వచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్‌తో 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారు ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలు, పెద్ద భవనాలకు 21 రోజుల గడువు. ఇలాంటి చోట చిక్కు లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగే అవసరాన్ని తగ్గించాయి, వాటిని మెచ్చుకోవడానికి నాకు మొహమాటం లేదు.

చిక్కు 2020 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, అంటే జనం ధరణి చట్టం అనేదాని దగ్గర మొదలవుతుంది. అధికారుల విచక్షణ తగ్గించడం, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే చోట చేయడం దాని ఉద్దేశం. పైపైన చూస్తే నియంత్రణ తగ్గింది, మార్కులు వేయాల్సిందే. కానీ రికార్డులో తప్పు పడితే రెవెన్యూ శాఖలో అప్పీలు దారి లేక సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చింది. తన భూమిని తాను అమ్ముకోలేని రైతుకు ఏ స్వేచ్ఛ దక్కినట్టు? దాని స్థానంలో వచ్చిన భూభారతి చట్టం ఆర్డీవో, కలెక్టర్, ట్రిబ్యునల్ అంటూ అంచెలంచెల అప్పీళ్లు తెచ్చింది. కాగితం మీద ప్రభుత్వ యంత్రాంగం పెరిగింది, ఆస్తి హక్కుకు రక్షణా పెరిగింది. నూటికి వేసే మార్కు ఈ రెంటినీ కలిపి ఎలా చూపుతుంది?

మార్కెట్ యార్డు కూడా అంతే. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద అడ్తిదారుకూ, ఖరీదుదారుకూ, తూకం వేసే దడువాయికీ లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు కొత్త ఖరీదుదారుకు అడ్డుగోడ. కాంటా మీద మిర్చి బస్తా పెట్టిన రైతుకు అదే లైసెన్సు మోసం జరిగితే పట్టుకోవడానికి దొరికే కొస. నా వరకు నేను కొత్త కొనుగోలుదార్లు ఎక్కువ రావాలనే వైపు ఉంటాను, తూకానికీ చెల్లింపుకూ పూచీ మాత్రం సడలకూడదు. ఇది నా అభిప్రాయమని పట్టిక పైనే రాస్తాను. అభిప్రాయాన్ని అంకెగా మార్చి నిష్పక్షపాతమని చెప్పడం చదివేవాళ్లకు అన్యాయం.

అపోహ: "అసెంబ్లీ తీర్మానం చేసింది కదా, ఇంక ఆగిపోతది."

తీర్మానం చట్టం కాదు. 2020 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ సవరణ బిల్లుకు వ్యతిరేకంగా మన సభ చేసిన తీర్మానం రాష్ట్రం అభిప్రాయాన్ని చెప్పింది, అంతవరకే.

అపోహ: "సభ పాస్ చేసిన రోజే చట్టం."

గవర్నర్ ఆమోదం, గెజిట్, అమలు తేదీ, రూల్స్, ఇన్ని మెట్లున్నాయి. భూభారతి డిసెంబరులో నెగ్గితే అమలు మొదలైంది 2025 ఏప్రిల్ 14న. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం పెండింగ్ బిల్లుల కోసం సుప్రీంకోర్టుకే వెళ్లాల్సి వచ్చింది.

అపోహ: "ఇది హైదరాబాద్‌ల ఉండేటోళ్ల పని."

బిల్లు ప్రతులు, సభ చర్చల ప్రతులు శాసనసభ వెబ్‌సైట్‌లో, జీవోలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. దొరకని కాగితానికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఓపిక కావాలి, అంతే.

సమావేశాల తేదీలు ప్రకటించగానే మీ ఎమ్మెల్యేకు ఒక పేజీ ఉత్తరం రాయండి. వస్తున్న బిల్లులో మీ పనిని తాకే క్లాజు నంబరు వేసి, మీకు కావాల్సిన మార్పును సవరణ భాషలోనే రాసివ్వండి. ఆ క్లాజు మీద డివిజన్ అడుగుతారా అని కూడా అడగండి. ఉత్తరం అందినట్టు క్యాంపు ఆఫీసులో సంతకం తీసుకోండి. సమావేశాలు ముగిశాక చర్చ ప్రతి తీసి, మీరు రాసిచ్చిన మార్పు అందులో ఉందో లేదో చూసి, ఉత్తరం నకలుతో పాటు ఒకే ఫైల్లో పెట్టండి. మిర్చి సీజన్ మొదలయ్యేలోపు ఎనుమాముల వాళ్లతో, బడ్జెట్ సమావేశాలలోపు కొత్తవాడ సంఘాలతో ఇలాంటి ఫైళ్లు చేయించాలని చూస్తున్నాను. మీ నియోజకవర్గంలో ఎవరైనా మొదలుపెడితే బిల్లు చదవడంలో సాయం చేస్తాను.