జామ్ వండేటప్పుడు కరెంటు ఎక్కడ ఖర్చవుతుంది?

కిలో జామపండ్లు, ముప్పావు కిలో పంచదార, రెండు నిమ్మకాయలు ఉంటే ఇంట్లో కిలోకు పైగా జామ్ తయారవుతుంది. చలికాలంలో రైతుబజారుకు సాయంత్రం వెళ్తే, మర్నాటికి ఆగని పండ్లను ధర తగ్గించి ఇచ్చేస్తారు. సరుకు చవకగానే వస్తుంది. పొయ్యి దగ్గరే చాలామంది అవసరానికి రెండింతలకు పైగా ఖర్చు పెడుతున్నారు. ఆ ఖర్చుకు కారణం పండూ కాదు, పంచదారా కాదు. నీళ్లు.

జామపండులో నూటికి ఎనభై వంతులకు పైగా నీరే. జామ్ నిలవ ఉండాలంటే అందులో కరిగిన పదార్థం, ముఖ్యంగా చక్కెర, 65 నుంచి 68 శాతం ఉండాలి. అంతటి చిక్కదనంలో సూక్ష్మజీవులకు వాడుకోవడానికి నీరు దొరకదు. పైగా వాటి కణాల్లోని నీటిని కూడా చక్కెర బయటికి లాగేస్తుంది. కాబట్టి బాణలిలో వేసిన కిలోముప్పావు మిశ్రమం దాదాపు 1.3 కిలోలకు దిగేదాకా నీరు ఆవిరి కావాలి. అంటే నాలుగు వందల గ్రాములకు పైగా.

లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి 300 కిలోజౌళ్లు కూడా పట్టవు. మరిగిన ఆ నీటినే పూర్తిగా ఆవిరి చేయాలంటే 2,257 కిలోజౌళ్లు కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటారు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరగదు. వేడి అంతా నీటి అణువుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికే పోతుంది. పదిహేను లీటర్ల గీజర్‌లో నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి పట్టే వేడి కూడా దాదాపు ఇంతే. పండ్లు ఉడకడానికని ధారాళంగా పోసే ఒక్క లీటరు నీటిని తర్వాత ఇగరబెట్టడమంటే ఒక గీజర్ నిండా నీళ్లు కాచడమే.

అందుకే ‘ముక్కలు మునిగేలా నీళ్లు పోయండి’ అన్న మాట పక్కన పెట్టాలి. ప్రెషర్ కుక్కర్ అడుగున గ్లాసుడు నీళ్లు పోసి, ముక్కల్ని విడిగా గిన్నెలో పెట్టండి. ముక్కల్లో చుక్క నీరు కలపనక్కర్లేదు, వాటిలో ఉన్నదే చాలు. రెండు మూడు కూతలు రాగానే కట్టేసి, ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగితే ఆ వేడికే గుజ్జు మెత్తబడుతుంది. జల్లెడలో వడకడితే గింజలు పోతాయి.

చిక్కబరిచేటప్పుడు మాత్రం వెడల్పాటి బాణలి ఉండాలి, మూత ఉండకూడదు. చిటపటలకు భయపడి మూత పెడితే, డబ్బు పెట్టి లేపిన ఆవిరి మూతకు తగిలి మళ్లీ నీరై లోపలికే జారుతుంది. వెడల్పు పాత్ర గుప్తోష్ణాన్ని తగ్గించలేదు. కానీ పొంగకుండా పెద్ద మంట మీద త్వరగా దించే వీలిస్తుంది. పాత్ర అంచుల నుంచి గాలిలోకి పోయే వేడి తగ్గుతుంది, రంగూ వాసనా నిలుస్తాయి.

ఇండక్షన్ స్టవ్ తీసుకున్న కరెంటులో 85 శాతం దాకా పాత్రకు చేరుతుందనుకుంటే, ఇలా వండిన జామ్‌కు సుమారు అర యూనిట్ పడుతుంది. లీటరు నీళ్లు అదనంగా పోస్తే మొత్తం ఒకటింపావు యూనిట్ దాటుతుంది. ఇది చిన్న తేడా కాదా అంటే, ఏ నెలలో వండుతున్నామో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఖరారైన ధరల ప్రకారం ఇంటి కనెక్షన్‌కు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున పడతాయి. 225 దాటిన యూనిట్ 8.75, 400 దాటితే 9.75. జామపండ్ల కాలంలో ఫ్యాన్లు కూడా ఆగి ఉంటాయి. మామిడి వచ్చేసరికి ఏసీలు, కూలర్లు నడిచి మీటరు పై స్లాబులో ఉంటుంది. అదే అర యూనిట్ అప్పుడు ఎక్కువ ధర పలుకుతుంది.

జామపండు ఈ పనికి అంత అనువుగా ఉండడానికి ఇంకో కారణం పెక్టిన్. 1825లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ బ్రాకొనో వేరుచేసి పేరు పెట్టిన పదార్థమిది. మొక్కల కణాల గోడల్లో ఉండే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. పండు రసంలో వీటి మీద రుణావేశం (నెగటివ్ విద్యుదావేశం) ఉంటుంది, అందుకని ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నిమ్మరసంలోని ఆమ్లం ఆ ఆవేశాన్ని అణచివేస్తుంది. పంచదార వాటి చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది. అప్పుడు గొలుసులు దగ్గరై వలలా అల్లుకుని, మిగిలిన నీటిని పట్టి ఉంచుతాయి. జామ్ గడ్డకట్టడమంటే ఇదే. పెక్టిన్, ఆమ్లం, చక్కెర మూడూ కుదరకపోతే, గరిట తిప్పుతూ గంటసేపు ఇగరబెట్టినా వచ్చేది పాకమే.

పండు బాగా మగ్గేకొద్దీ ఎంజైములు పెక్టిన్‌ను తెంపేస్తాయి. చవకగా వచ్చిన మెత్తటి పండ్లతో మూడు వంతులు నింపి, నాలుగో వంతుకు దోరకాయలు వేస్తే ఆ లోటు తీరుతుంది. బూజు పట్టినవి మాత్రం ఎంత చవకైనా వద్దు. పిండిన నిమ్మ గింజల్లో, తొక్క లోపలి తెల్లటి పొరలో పెక్టిన్ దండిగా ఉంటుంది. వాటిని గుడ్డలో మూటకట్టి కుక్కర్‌లోనే ముక్కలతో పాటు ఉడికించొచ్చు. రసం మాత్రం చివర్లో పోయాలి. ఆమ్లంలో ఎక్కువసేపు మరిగితే పెక్టిన్ గొలుసులు తెగిపోతాయి.

ఎప్పుడు దించాలి? నీరు మరిగే ఉష్ణోగ్రత కన్నా నాలుగైదు డిగ్రీలు పైకి రాగానే. విశాఖలో అది 104, 105 డిగ్రీలు. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది, అక్కడ నీరు 98 దాటగానే మరుగుతుంది. కాబట్టి 103 దగ్గరే దించాలి. అక్కడ కూడా 105 కోసం ఎదురుచూస్తే జామ్ బిగుసుకుపోతుంది, కరెంటూ దండుగ. థర్మామీటర్ లేకపోతే చల్లటి పళ్లెంలో చుక్క వేసి, కాసేపాగి వేలితో నెట్టండి. పైన ముడతలు పడితే అయినట్టే. కడిగి, మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లో వేడిగా ఉండగానే నింపి మూత బిగిస్తే, తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు. పంచదార తగ్గించి చేసేవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు.

మామిడికి మన గోదావరి జిల్లాల వాళ్లు ఎప్పుడో వేరే దారి కనిపెట్టారు. పండిన మామిడిలో పెక్టిన్ తక్కువ, కరెంటు ఖరీదైన కాలం, పైన మండే ఎండ. వేసవి ఎండ ఒక రోజులో చదరపు మీటరు మీద కుమ్మరించే శక్తి ఆరు యూనిట్ల దాకా ఉంటుంది. ఆత్రేయపురంలో రసాన్ని పొయ్యి మీద ఇగరబెట్టకుండా చాపల మీద పోసి తాండ్ర చేస్తారు. గుప్తోష్ణం అదే, దాన్ని భరించేది సూర్యుడు.

అందులో పనితనమంతా పొరల్లో ఉంది. రసం ఒకేసారి మందంగా పోస్తే పైభాగం ముందు ఎండి పెచ్చు కడుతుంది, ఇక లోపలి తడి దాన్ని దాటి బయటికి రాలేదు. పల్చగా ఒక పొర పోసి, ఆరాక దాని మీద ఇంకొకటి పోస్తే ప్రతి పొర నుంచీ నీరు సులువుగా పోతుంది. ఇంట్లో నూనె రాసిన స్టీలు పళ్లేల్లోనూ చేసుకోవచ్చు. పైన పల్చటి గుడ్డ కప్పి, సాయంత్రం మంచు తగలకముందే లోపల పెట్టాలి. కింది పొర వేలికి అంటుకోకుండా ఆరాకే పై పొర పోయాలి, మబ్బు పట్టిన రోజున అసలు పోయకూడదు. మధ్యలో తడి మిగిలితే ఈస్టులు చేరి, పైకి ఎండినట్టే కనిపిస్తున్నా తాండ్ర లోపల పులిసిపోతుంది.