దొంగ చేతికి తాళాలు: పాత ప్రశ్నకు కొత్త గిరాకీ

కంప్యూటర్ నేరంలో దొరికిపోయి, శిక్ష అనుభవించి బయటికొచ్చిన మనిషి సైబర్ సెక్యూరిటీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే తీసుకోవచ్చా? విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు సైబర్ సెక్యూరిటీకి విడిగా బ్రాంచీలున్నాయి కాబట్టి ఇది ఎక్కడో అమెరికా గొడవ కాదు. పాము కాళ్లు పాముకెరుక, తీసుకోవాల్సిందే అని కొందరంటారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అని మిగతావాళ్లంటారు. ఈ రెండు మాటలూ కంప్యూటర్ పుట్టక ముందు నుంచీ ఉన్నవే.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడు దొంగల ముఠాల్లోకి పాత దొంగల వేషంలో గూఢచారుల్ని పంపి, నేరం చేయించి పట్టించమంటాడు. వేషమే దొంగది, మనిషి మాత్రం రాజుగారి మనిషి. 18వ శతాబ్దపు లండన్‌కి ఆ తెలివి లేకపోయింది. జొనాథన్ వైల్డ్ అనేవాడు దొంగల్ని పట్టిచ్చే పెద్దమనిషిగా చెలామణి అవుతూ, చాటున తానే ముఠా నడిపాడు. పోయిన సొత్తును సొంతదారుకే అప్పగించి సొమ్ము పుచ్చుకునేవాడు. 1725లో ఉరితీశారు.

పారిస్‌లో కథ వేరుగా నడిచింది. యూజీన్ విడోక్ జైళ్ల నుంచి పలుమార్లు పారిపోయిన ఖైదీ. 1809లో పోలీసులకు ఇన్‌ఫార్మర్‌గా మారి, ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే నేర పరిశోధక దళానికి అధిపతి అయ్యాడు. తన దళంలోకి కూడా ఎక్కువగా పాత ఖైదీలనే తీసుకున్నాడు. దళం బాగానే పనిచేసింది, అయినా విమర్శలు ఆగలేదు. 1832లో అతను తప్పుకున్నాక దళాన్ని తిరగగట్టి, నేర చరిత్ర ఉన్నవాళ్లను బయట పెట్టారు.

మన ప్రాంతంలో ఈ చర్చ ఎత్తితే స్టువర్టుపురం తలుచుకోకుండా ఉండలేం. బాపట్ల–చీరాల రైలు మార్గంలో ఉన్న ఈ ఊరు 2022 దాకా గుంటూరు జిల్లాలోదే. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఆపై 1913లో ఎరుకల కుటుంబాల్ని తీసుకొచ్చి ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి పెట్టి, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకి అప్పగించారు. అక్కడివాళ్లు రోజూ హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి ఈ సెటిల్‌మెంట్ నుంచే కూలీలు వెళ్లేవారు. సంస్కరణ పేరుతో చవక కూలీ దొరికిందని నాకనిపిస్తుంది. దొంగతనం చేసినవాడూ, జన్మలో చేయనివాడూ ఒకే రిజిస్టరులో ఉండేవారు.

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. పేరు మీది మచ్చ మాత్రం పోలేదు. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు స్టువర్టుపురంలో పని మొదలుపెట్టారు. హేమలత కవి జాషువా కుమార్తె. నేరాలు మానుకుంటామన్న వాళ్లకు, పోలీసులకు, ప్రభుత్వానికి మధ్య నిలబడి, పిల్లల చదువు, కుటుంబాల బతుకుతెరువు చూశారు. అక్కడ ఎవరూ ‘తాళాల నిపుణుడు’ అని ఉద్యోగం అడగలేదు. కూలీ పనికి వెళ్లినా ఏ ఊరని అడిగితే చెప్పుకోలేని ఇబ్బంది వాళ్లది. పోలీసు స్టేషన్లు మాత్రం వాళ్ల ‘అనుభవాన్ని’ ఎప్పుడూ వాడుకుంటూనే ఉన్నాయి. కాలనీలో ఇంటి తాళం పగిలితే ముందు పాత నేరస్థుల జాబితా తీసి స్టేషన్‌కి పిలిపించే అలవాటు అందరికీ తెలిసిందే. ఆ సేవకి జీతం లేదు, కన్సల్టెంట్ అనే హోదా లేదు.

హోదా వచ్చింది కంప్యూటర్ దొంగలకి. కెవిన్ మిట్నిక్ 1995లో అమెరికాలో అరెస్టై, 2000 జనవరి దాకా జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత మూడేళ్లు కంప్యూటర్ ముట్టుకోవడం మీద ఆంక్షలు. అవి తీరాక సొంత సెక్యూరిటీ కంపెనీ నడిపి, 2023లో చనిపోయే దాకా పెద్ద పెద్ద సంస్థలకి సలహాదారుగా బతికాడు. అతని అసలు విద్య ఫోన్లో ఎదుటివాణ్ని నమ్మించి పాస్‌వర్డ్ చెప్పించడం. ఓటీపీ చెప్పమని ఫోన్లు చేసేవాళ్ల పని కూడా అదే కదా. ఇక 1988లో ఇంటర్నెట్‌ని స్తంభింపజేసిన వార్మ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్) రాసిన రాబర్ట్ మోరిస్‌కి జైలే పడలేదు. ప్రొబేషన్ (జైలుకి పంపకుండా నిఘాలో ఉంచడం), జరిమానా, 400 గంటల సమాజ సేవతో బయటపడి తర్వాత ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు. 2004లో సాసర్ వార్మ్ వదిలిన జర్మన్ కుర్రాడికి ఒక ఫైర్‌వాల్ కంపెనీ ఉద్యోగం ఇవ్వగానే, దాంతో కలిసి పనిచేస్తున్న యాంటీవైరస్ కంపెనీ తెగదెంపులు చేసుకుంది.

నన్నడిగితే మిట్నిక్ కంటే ముందు చదవాల్సింది ఆల్బర్ట్ గొంజాలెజ్ కథ. 2003లో న్యూయార్క్‌లో దొరికాక అమెరికా సీక్రెట్ సర్వీస్‌కి ఇన్‌ఫార్మర్ అయ్యాడు. దొంగ కార్డులు అమ్మే షాడోక్రూ అనే ముఠాని 2004లో పట్టించాడు. ప్రభుత్వం ఏడాదికి 75,000 డాలర్లు ఇచ్చిందని తర్వాత బయటపడింది. ఆ జీతం తీసుకుంటూనే టీజేఎక్స్ దుకాణాల నుంచీ, హార్ట్‌లాండ్ అనే చెల్లింపుల సంస్థ నుంచీ కార్డుల వివరాలు లాగాడు. హార్ట్‌లాండ్ ఒక్కదాంట్లోనే 13 కోట్ల కార్డులు. 2010లో 20 ఏళ్ల జైలు పడింది. అతని నైపుణ్యం మీద ఎవరికీ అనుమానం లేదు. అతను రాత్రిళ్లు ఏం చేస్తున్నాడో చూసేవాళ్లే లేరు.

మన చట్టాల్లో ఒక వింత ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005 ప్రకారం కోర్టులో నేరం రుజువైన మనిషిని సెక్యూరిటీ గార్డుగా పెట్టుకోకూడదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చునే, ఏజెన్సీ పంపిన వాచ్‌మన్‌కి ఈ నిబంధన వర్తిస్తుంది. అదే షాపు కంప్యూటర్ల భద్రత చూసే మనిషి గురించి ఆ చట్టం పట్టించుకోదు. ఐటీ చట్టం చూస్తే, యజమాని అనుమతి లేకుండా సిస్టంలోకి వెళ్లడం తప్పు. మోసపు ఉద్దేశంతో చేస్తే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. శిక్ష అనుభవించాక ఏం ఉద్యోగం చేయొచ్చన్నది అందులో లేదు.

పాత కేసు దాచిపెడితే ఏమవుతుందన్నది సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో తేల్చింది. ఉద్యోగ ఫారంలో అడిగిన సమాచారం నిజం చెప్పాలి. అయితే కుర్రతనపు చిన్న నేరమైతే, దాచిన తప్పును యజమాని క్షమించవచ్చంది. చెప్పడం, దాచడం అనే ఈ గీత నాకు సబబుగా తోస్తుంది. అన్నీ ఒప్పుకుని వచ్చినవాడికి పని ఇవ్వొచ్చు, అతను ఏ సర్వర్‌లోకి వెళ్తున్నాడో రాతపూర్వకంగా ఉండి, అతను చేసిన ప్రతి పనీ నమోదయ్యే రికార్డుల్ని (లాగ్స్) ఇంకొకరు చూస్తూ ఉంటే. ఆ మాటకొస్తే కేసుల్లేని ఉద్యోగికైనా ఇదే ఉండాలి.

కానీ నేరమే అర్హత అనే వాదన ఒప్పుకోలేను. 1851లో లండన్ ప్రదర్శనలో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తీయలేరన్న చబ్ తాళాన్ని అరగంట లోపే తీశాడు. బ్రామా తాళాన్ని 16 రోజుల్లో 51 గంటలు కూర్చుని తీశాడు. అతను దొంగ కాడు, తాళాల వ్యాపారం మనిషి. మిట్నిక్ తరం పిల్లలకి సిస్టం లోపల ఏముందో చూడాలంటే దొడ్డిదారి తప్ప వేరే దారి పెద్దగా లేదు. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో బగ్ (లోపం) పట్టినవాళ్లకి బహుమతి ప్రకటించింది. ఇప్పుడు చాలా కంపెనీలు అదే చేస్తున్నాయి. గుంటూరులో హాస్టల్ గదిలో కూర్చున్న కుర్రాడు కూడా అనుమతితోనే లోపం వెతికి డబ్బు తెచ్చుకోవచ్చు.

ఇక ఇప్పటికే దారి తప్పినవాడి సంగతి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు వదిలిపెట్టిన వ్యక్తికి ఆ నేరం వల్ల అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతుంది. కానీ హెచ్ఆర్ ముందు తెరిచేది గూగుల్. అక్కడ కనపడేది అరెస్టు నాటి వార్త, ఫొటోతో సహా.