"నా చేను, నా తీగ": కాపలా పేరుతో కేసుల్లో ఇరుక్కునేవాళ్లు నమ్మే మాటలు

పోయిన వారం నా లాయరు ఆఫీసుకి ఒక రైతు వచ్చాడు. మూడెకరాల్లో శెనక్కాయ వేశాడు, అడవి పందులు నిద్ర పోనివ్వడం లేదు. కూర్చోకముందే ఫోన్ తీసి వాట్సాప్ మెసేజ్ చూపించాడు. కొత్త చట్టం ప్రకారం మన ఆస్తిలోకి చెప్పకుండా వచ్చినవాడికి ఏమైనా అయితే మన మీద కేసు ఉండదట. "ఇంక కరెంటు తీగ పెట్టుకోవచ్చు కదా సార్?" అన్నాడు.

ఆ మెసేజ్ తయారుచేసినవాడు దొరికితే ఒక్క వాయిదాకి తీసుకెళ్లి సెషన్స్ కోర్టు వరండాలో కూర్చోబెట్టాలని నా కోరిక. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చిన మాట నిజమే. ఆత్మరక్షణ హక్కు గురించి పాతదాంట్లో 96 నుంచి 106 దాకా సెక్షన్లలో ఉన్నది ఇప్పుడు 34 నుంచి 44 దాకా ఉంది. నంబర్లు తప్ప రైతుకు కొత్తగా వచ్చిన వెసులుబాటేమీ లేదు.

అపోహ: రాత్రిపూట నా చేలోకి వచ్చినవాడిదే తప్పు. తీగ తగిలితే వాడి ఖర్మ.

ఈ ఒక్క మాట నమ్మి పొలాలు అమ్ముకున్నవాళ్లను చూశాను కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

పొద్దుగూకాక లైనుకు కొక్కెం తగిలిస్తారు, లేదా మోటారు స్టార్టరు నుంచి లాగుతారు. గట్టు పొడుగునా మోకాలి ఎత్తులో జీఐ తీగ. అది పంది కోసమే, ఒప్పుకుంటాను. కానీ తీగకు పంది ఎవరో మనిషి ఎవరో తెలీదు. రాత్రి కరెంటు వచ్చిందని మడికి నీళ్లు కట్టడానికి వచ్చే పక్క చేను రైతు, చీకట్లో చెంబు పట్టుకుని బయటికి వచ్చే ముసలామె, తప్పిపోయిన మేక కోసం తిరిగే పిల్లోడు, వీళ్లే పోతారు. నేను వాదించిన తీగ కేసుల్లో చనిపోయినవాళ్లలో ఒక్క దొంగ కూడా లేడు. ఒక కేసులో అయితే పోయింది తీగ పెట్టినాయన సొంత తమ్ముడే.

ఆత్మరక్షణ అనాలంటే ఎదుటివాడు ఏదో నేరం చేస్తుండాలి, దాన్ని ఆపడానికి మీరు ఎంత అవసరమో అంతే బలం వాడాలి. మీరు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. గట్టు మీద ఎవరు నడుస్తున్నారో, ఎందుకు నడుస్తున్నారో మీకు తెలీదు. ఇక కొలిచి కొట్టేది ఎవరు?

"సరే సార్, వచ్చింది నిజంగా పరాయివాళ్ల ఆస్తిలోకి జొరబడిన మనిషే అనుకోండి?" అంటారు. అదీ తేలిపోయింది, అరవై ఏళ్ల కిందటే. చెరూబిన్ గ్రెగరీ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్, సుప్రీంకోర్టు, 1963. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోయింది, వాళ్లు గ్రెగరీ దొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. వద్దని చెప్పాడు, వినలేదు. దారికి అడ్డంగా రాగి తీగ కట్టి ఇంటి కరెంటు ఇచ్చాడు. పక్కింటి ఆడమనిషి లోపలికి పోయేటప్పుడు తగల్లేదు, బయటికి వస్తుంటే చెయ్యి తగిలి చనిపోయింది. ఆస్తి కాపాడుకున్నాను అన్న వాదన నిలవలేదు, శిక్ష ఖాయమైంది. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన మనిషి ప్రాణానికి చట్టం కాపు లేకుండా పోదు, వచ్చేవాడికి గాయం చేయాలని ఉచ్చు పెట్టే హక్కు యజమానికి లేదు అని కోర్టు తేల్చింది.

ఆ కేసులో పడింది ఐపీసీ 304ఏ, నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం. ఇప్పుడది న్యాయ సంహితలో 106, గరిష్ఠంగా ఐదేళ్లు, బెయిలు వస్తుంది. పంది తీగ కేసుల్లో మాత్రం పోలీసులు 105 వేయడం ఎక్కువైంది. ప్రాణం పోయే అవకాశం ఉందని తెలిసీ చేశాడు అన్నమాట. పదేళ్ల దాకా శిక్ష, నాన్‌బెయిలబుల్. పీపీ గారు, అంటే ప్రభుత్వ లాయరు, అడిగేది ఒకే ప్రశ్న: "పందిని చంపే కరెంటు మనిషిని చంపుతుందని నీకు తెలీదా?" దీనికి ఏ జవాబు చెప్పించాలో ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకూ తట్టలేదు. కరెంటు కొక్కెం వేసి తీసుకున్నది కాబట్టి విద్యుత్ చట్టం 135 కింద ఇంకో మూడేళ్ల దాకా వేరేగా ఉంటుంది.

వీటన్నిటికంటే ఘోరం పొద్దున జరిగేది. శవాన్ని చూసి భయపడి వంకలోకో పక్క చేలోకో లాగేస్తారు, తీగ చుట్టి బావిలో పడేస్తారు. దానికి 238 ఉంది, సాక్ష్యం మాయం చేయడం. నిర్లక్ష్యం అని వాదించగలిగిన కేసును మీ చేతులతో మీరే పాడుచేసుకున్నట్టు. అంతవరకూ జాలిపడే జడ్జి కూడా ఆ పంచనామా చదివాక మొహం మార్చేస్తారు.

"అపాయం" అని బోర్డు పెట్టినా ఒరిగేదేమీ లేదు. చీకట్లో చదివేదెవరు?

మా మేనమామకూ ఇలాంటి తీగ ఉండేది. పొద్దున్నే ఫ్యూజు పీకే పని సెలవుల్లో నాది. ఒకరోజు మర్చిపోయాను. మా ఎద్దు గట్టు దాటబోయి పడిపోయింది. దాని వెనకే పగ్గం పట్టుకుని మామ. అది జనపనార పగ్గం, ఎండకు ఎండి ఉంది, అందుకే ఆయన బతికాడు. ఇప్పటికీ కోర్టులో ఎం.ఓ.1 (సాక్ష్యంగా పెట్టిన మొదటి వస్తువు) అని చీటీ కట్టి తుప్పు పట్టిన తీగ చుట్ట బల్లమీద పెడితే, దానికి వేలాడే పగిలిన సీసా మూతులు, సైకిల్ ట్యూబు ముక్కలు చూస్తే నాకు గొంతు ఆరిపోతుంది.

రైతుల బాధ నాకు తెలియనిది కాదు. "ఒక్క రాత్రికి ఎకరా తవ్వేస్తాండాయి సార్, మేం మట్టి తినాల్నా?" అని అడిగితే చెప్పడానికి ఏముంటుంది? సోలార్ కంచె పెట్టుకోండి. ఎనర్జైజరు (కరెంటును చిన్న చిన్న దెబ్బలుగా వదిలే పెట్టె) పెట్టి బ్యాటరీ మీద నడిచేది, సెకనుకో దెబ్బ, ఒక్కోటి సెకనులో వందోవంతుకు మించదు. జంతువు బెదిరి పోతుంది, చావదు. "సోలార్" అని పేరు పెట్టి లోపల మెయిన్స్ కలిపినవాళ్లనూ చూశాను, వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

అపోహ: దొంగను చంపినా కేసు లేదు. 41వ సెక్షన్ చదవండి. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా పోగలిగేది నాలుగు సందర్భాల్లోనే: దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దూరడం, ఇంటికో సరుకు దాచిన కొట్టానికో నిప్పు పెట్టడమో పేల్చడమో, దొంగతనమో విధ్వంసమో ఇంట్లోకి జొరబడడమో ఆపకపోతే మనకు చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం న్యాయంగా కలగడం. దొడ్డిలోంచి గొర్రెను ఎత్తుకుపోతున్నవాణ్ణి కర్రతో కొట్టి విడిపించుకోవచ్చు. గొర్రెను వదిలి పారిపోతుంటే తరిమి తల పగలగొట్టడం వేరే లెక్క. స్తంభానికి కట్టి ఊరంతా తలా ఒక దెబ్బ వేయడం ఆత్మరక్షణ కానే కాదు, అది హత్య కేసు, ఊరంతా ముద్దాయిలే. పట్టుకున్నవాణ్ణి ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి.

అపోహ: అసలు చెయ్యే ఎత్తకూడదు. ఇదీ తప్పే. పిరికివాడిలా పారిపొమ్మని చట్టం చెప్పదు, 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇది గట్టిగానే చెప్పింది. కాకపోతే గొడవలో మీకు తగిలిన దెబ్బలకు అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో వూండ్ సర్టిఫికెట్ రాయించుకోండి. నాలుగు నెలల తర్వాత చొక్కా ఎత్తి మచ్చ చూపిస్తే నేనేం చేయను?

అపోహ: చేలో పడ్డ బర్రె కాలు విరగ్గొట్టొచ్చు. తప్పు, దానికి సెక్షన్ 325 ఉంది, ఐదేళ్ల దాకా శిక్ష. ఊరకుక్కలకు గుళికలు కలిపిన మాంసం పెట్టినా అదే. 1871 నాటి పశువుల చట్టం ప్రకారం పట్టుకుని 24 గంటల్లో బందెలదొడ్డికి తోలొచ్చు. మా ఊరి బందెలదొడ్డిలో ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచాయి, అది వేరే సంగతి.

అపోహ: మేకను తిన్న చిరుతను చంపొచ్చు. వన్యప్రాణి చట్టం 11(2) ఒప్పుకునేది మనిషి ప్రాణం కాపాడడానికి మాత్రమే, మేక కోసం కాదు. చిరుతకైతే మూడేళ్లకు తగ్గని శిక్ష. కళేబరం కదపకుండా ఫొటో తీసి ఫారెస్టువాళ్లకూ పశువుల డాక్టరుకూ చెప్పి పరిహారం కోసం అర్జీ పెట్టుకోండి.

ఇదంతా విని ఆ శెనక్కాయ రైతు చాలాసేపు మాట్లాడలేదు. లేవబోతూ మెల్లగా అడిగాడు: "అయితే సార్, ఇప్పుడు చేన్లో ఉండే తీగ పీకేస్తే సాక్ష్యం మాయం చేసినట్టవుతుందా?"

పెట్టుకోవచ్చా అని అడగడానికి వచ్చినవాడు ముందే పెట్టేశాడన్నమాట. ఎవరికీ ఏమీ కాకముందు అది సాక్ష్యం కాదయ్యా, ఉత్త జీఐ తీగే, చీకటి పడేలోగా పో అన్నాను. మెట్లు దిగుతూనే కొడుక్కు ఫోన్ చేశాడు, ముందు ఫ్యూజు పీకమని.