బ్లేడ్లు, రబ్బర్ల ఎంపిక: అపోహలు – వాస్తవాలు

టేబుల్ టెన్నిస్ శిక్షణ ఇస్తూ, ఆటగాళ్ల బ్యాట్ల చెక్క భాగమైన బ్లేడ్‌కు బంతిని తాకే రబ్బర్లు అతికించి ఇచ్చే నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "సార్, ఇంతకంటే ఫాస్ట్ బ్యాట్ ఏదైనా ఉందా?" అడిగేవారిలో ఎక్కువమంది ఏడాదో రెండేళ్లో ఆడి, ఆట ఒకచోట ఆగిపోయిందని బెంగపెట్టుకున్నవారే. ఆ బెంగ నిజమైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ బెంగను ఆసరా చేసుకుని ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి పాకే మాటలను మాత్రం సహించలేను, ఎందుకంటే వాటివల్ల పాడయ్యేది ఆటగాడి స్ట్రోక్.

అపోహ: కార్బన్ బ్లేడ్, ఫాస్ట్ రబ్బర్ ఉంటే ఆట ఒక మెట్టు పైకెక్కుతుంది.

వాస్తవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి. చెక్క పొరల మధ్య వేసే కార్బన్ వంటి ఫైబర్ పొర, మొత్తం మందంలో 7.5 శాతం లేదా 0.35 మిల్లీమీటర్లు, వీటిలో ఏది తక్కువైతే అంతకు మించకూడదు. అంత పలుచని పొరే బ్లేడ్ స్వభావాన్ని మార్చేస్తుంది. ఆ పొర పైచెక్క కిందనే ఉంటే మెల్లగా తాకించినా బంతి చటుక్కున వెళ్లిపోతుంది. మధ్యచెక్కను ఆనుకుని ఉంటే చిన్న దెబ్బలకు బ్లేడ్ చెక్కలాగే స్పందించి, గట్టిగా కొట్టినప్పుడే కార్బన్ బలం బయటపడుతుంది. బ్యాక్‌స్పిన్‌తో, అంటే వెనక్కి తిరుగుతూ వచ్చిన బంతిని లూప్ చేయాలంటే (ముందుకు తిరిగే టాప్‌స్పిన్‌తో కొట్టాలంటే) రబ్బర్ ఆ బంతిని పట్టి పైకి లాగాలి, అందుకు బంతి రబ్బర్‌పై కాస్త నిలవాలి. గట్టి బ్లేడ్‌పై ఆ వ్యవధి తగ్గుతుంది కనుక, చేయి ఇంకా కుదరని ఆటగాడి బంతి నెట్‌కైనా తగులుతుంది, బల్ల దాటైనా పోతుంది.

అసలు నష్టం ఆ తప్పిపోయిన పాయింట్లు కావు. ఒక తండ్రి తన పదకొండేళ్ల కూతురిని నా దగ్గరకు తెచ్చారు. ఆమె చేతిలో పైచెక్క కిందనే కార్బన్ ఉన్న బ్లేడ్, దానికి రెండు వైపులా పైపొర కింద ఉండే స్పాంజ్ గట్టిగా ఉన్న రబ్బర్లు ఉన్నాయి. నేను బ్యాక్‌స్పిన్ బంతులు వేస్తూ ఆమె ఫోర్‌హ్యాండ్‌ను గమనించాను. మోకాలి దగ్గర మొదలై నుదుటి దాకా సాగవలసిన బ్యాట్, ఛాతీ ఎత్తుకు రాగానే టక్కున ఆగిపోతోంది. అలా ఆపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పూర్తిగా ఊపిన ప్రతిసారీ బంతి బల్ల అవతల పడుతుంటే, దాన్ని బల్లపై ఉంచడానికి చేయి తనంతట తానే ఆగడం అలవాటు చేసుకుంది. ఐదు చెక్క పొరలు (ప్లైలు) మాత్రమే ఉన్న ఆల్‌వుడ్ బ్లేడ్‌కు 1.8 మిల్లీమీటర్ల స్పాంజ్ ఉన్న మెత్తని రబ్బర్లు వేసి ఇచ్చాను. మొదట బంతులన్నీ నెట్‌లోనే పడ్డాయి, పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. కొన్ని వారాల సాధన తర్వాత చేయి సాగింది. "బ్యాట్ స్లో అయింది కదా సార్, మరి బంతి ఇంకా జోరుగా పోతోందేమిటి?" అని ఆ తండ్రి ఆశ్చర్యపోయారు. పూర్తిగా సాగిన చేయి ఇచ్చే వేగం, సగంలో ఆగిన చేతికి ఏ కార్బన్ తోడైనా రాదు.

కార్బన్ వద్దని నేను అనను. బ్యాక్‌స్పిన్ బంతులను వరుసగా, పూర్తి స్వింగ్‌తో లూప్ చేసి బల్లపై వేయగలరా? నెట్ దగ్గరే పడే షార్ట్ సర్వీస్‌ను అంతే షార్ట్‌గా పుష్ చేయగలరా, అంటే కింద కోస్తూ బ్యాక్‌స్పిన్‌తో మెల్లగా తిప్పి పంపగలరా? రెండింటికీ జవాబు అవునైతే ఏడు ప్లైల బ్లేడ్‌కో, మధ్యచెక్కను ఆనుకుని ఫైబర్ ఉన్న బ్లేడ్‌కో మారవచ్చు. రెండింటిలో ఏది కాదన్నా ఇంకొంతకాలం ఆగాలి.

అపోహ: ఛాంపియన్ వాడేదే కొంటే ఆ ఆట వస్తుంది.

చైనా ఒలింపిక్ ఛాంపియన్ మా లాంగ్ ఫోర్‌హ్యాండ్‌కు వాడిన హరికేన్ 3 పేరు వినని ఆటగాడు ఉండడు. అది జిగురు పైపొర, గట్టి స్పాంజ్ ఉన్న రబ్బర్. కాళ్ల నుంచి, నడుము నుంచి బలం తెచ్చి కొట్టేవారికే అది పలుకుతుంది, మెల్లగా ఊపేవారికి బంతిని జీవం లేకుండా వదిలేస్తుంది. పైగా చైనా జాతీయ జట్టుకు అందే రకం, అందరికీ దొరికే రకం ఒకటి కావు. జిగురు ఎక్కువ ఉంటే స్పిన్ ఎక్కువ అనే మాట కూడా ఇక్కడి నుంచే పుట్టింది. స్పిన్ పుట్టేది బ్యాట్ వేగం నుంచి. ఆ వేగాన్ని బంతిలోకి పంపడానికి జిగురు ఒక మార్గం, మంచి పట్టున్న జిగురులేని రబ్బర్ మరొక మార్గం.

ఎంపిక మొదలుకావలసింది మీరు పాయింట్ ఎలా గెలుస్తున్నారన్న ప్రశ్న దగ్గర. 2003 పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లిన జూ సే-హ్యూక్ బల్లకు దూరంగా నిలబడి బంతిని బ్యాక్‌స్పిన్‌తో కోసే డిఫెండర్. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన లియూ గువోలియాంగ్ బల్లను ఆనుకుని పొట్టి బొడిపెలున్న షార్ట్ పింపుల్స్ రబ్బర్‌తో దాడిచేసినవారు. వీరిద్దరికీ ఒకే బ్యాట్ సరిపోదన్న సంగతి చూడగానే తెలుస్తుంది. మన దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎందుకో అందరం ఒకే పేరు అడుగుతాం.

మరికొన్ని, క్లుప్తంగా. ప్యాకెట్ మీద స్పీడ్, స్పిన్, కంట్రోల్ అని వేసే అంకెలకు ఉమ్మడి కొలమానం లేదు. ఒక కంపెనీ పదిని మరో కంపెనీ పదితో పోల్చడం వృథా. స్పాంజ్ గట్టిదనాన్ని సూచించే డిగ్రీలదీ అదే కథ, చైనా కొలతలో 39, జర్మన్ కొలతలో 47 పక్కపక్కన పెట్టి ఏది మెత్తనిదో తేల్చలేరు. స్పాంజ్ మందం మ్యాక్స్ (గరిష్ఠం) అయితేనే స్పిన్ వస్తుందన్నదీ నిజం కాదు. బూస్టర్ అనే ద్రవం స్పాంజ్‌కు రాస్తే రబ్బర్‌కు ప్రాణం వస్తుందని చెప్పేవారి మాట వినకండి: రబ్బర్‌ను భౌతికంగా గానీ రసాయనికంగా గానీ మార్చి వాడకూడదని నిబంధన స్పష్టంగా చెబుతోంది, రబ్బర్ వేగాన్ని పెంచే స్పీడ్ గ్లూ కూడా 2008లోనే నిషిద్ధమైంది.

అపోహ: లాంగ్ పింపుల్స్ (పొడవాటి బొడిపెల రబ్బర్లు) మాయ చేస్తాయి, అది మోసం.

ఇక్కడ భయపడేవారి పట్ల నాకు సానుభూతి ఉంది, ఎందుకంటే మొదటిసారి ఎదురైనప్పుడు బంతి నిజంగానే అర్థం కాదు. లాంగ్ పింపుల్స్ వంగిపోతాయి, బంతిని పట్టుకోవు. అందువల్ల మీరు పంపిన స్పిన్ చాలావరకు అలాగే తిరుగుతూ వెనక్కి వస్తుంది. బంతి దిశ మారింది కనుక మీ టాప్‌స్పిన్ మీకే బ్యాక్‌స్పిన్‌గా ఎదురవుతుంది, మీ పుష్ కాస్త టాప్‌స్పిన్‌తో తేలి వస్తుంది. కాబట్టి అవతలివారి బ్యాట్‌ను చూసి బెదిరిపోకుండా, మీరు కిందటి దెబ్బ ఏం కొట్టారో గుర్తుంచుకోండి. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మనికా బత్రా బ్యాక్‌హ్యాండ్‌కు వాడినవి ఇవే. ఒక వైపు నలుపు, రెండో వైపు వేరే ప్రకాశవంతమైన రంగు ఉండాలన్న నియమం ఏ వైపుతో కొడుతున్నారో మీకు కనపడాలనే. మ్యాచ్‌కు ముందు అవతలివారి బ్యాట్‌ను చేతిలోకి తీసుకుని చూసే హక్కు కూడా మీకుంది, మొహమాటపడకండి.

ఇక ఆట పడిపోయిందని బ్యాట్ మొత్తం మార్చేసేవారికి ఒక మాట. ముందు రబ్బర్‌ను వెలుగులో తిప్పి చూడండి. బంతి ఎక్కువగా తగిలే భాగం నున్నగా మారి, అక్కడ వేలు జారిపోతూ, అంచు దగ్గర మాత్రం ఇంకా పట్టు తెలుస్తుంటే, అరిగింది రబ్బరే. అదే రకం కొత్త రబ్బర్‌ను అదే మందంలో మళ్లీ వేయించుకోండి, బ్లేడ్ జోలికి పోకండి. అతికించేటప్పుడు తెల్లగా ఉన్న వాటర్ గ్లూ పూర్తిగా పారదర్శకమయ్యేదాకా ఆగండి. తొందరపడి తడిమీద అతికిస్తే లోపల బుడగలు మిగిలిపోయి, బంతి ఒక్కో చోట ఒక్కో రకంగా లేస్తుంది.