సైకిల్ ఇంజన్‌కి కొత్త కార్బొరేటర్: అపోహలు, వాస్తవాలు

సైకిల్‌కి బిగించే టూ స్ట్రోక్ కిట్ ఇంజన్‌లో ఏ తేడా వచ్చినా అందరూ ముందు కార్బొరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) మీదే పడతారు. స్టార్ట్ కాకపోయినా, దారిలో ఆగిపోయినా, పికప్ తగ్గినా ఆన్‌లైన్‌లో కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. అది బిగించిన కొన్నాళ్లకే పిస్టన్ పట్టేసిందని ఇంజన్ విప్పి సంచిలో వేసుకుని షాపుకి వస్తారు. పాత దానితో బాగానే నడిచిన ఇంజన్ కొత్త దానితో ఎందుకు పోయింది? నేను విప్పి చూసిన వాటిలో ఎక్కువ భాగం రెండే కారణాలు: బిగింపులో గాలి లీకు, లేదా పెట్రోల్ తక్కువ పడే సెట్టింగ్. రెండూ బయటికి కనిపించవు. బండి నడుస్తూనే ఉంటుంది, లోపల బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, కాలిపోతుంటుంది.

ముందు ఇంజన్ గురించి ఒక మాట. 80 సీసీ అని అమ్మే కిట్‌లో బోరు వెడల్పు 47 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 38. లెక్క కడితే 66 సీసీ వస్తుంది. దానితో వచ్చే మామూలు కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ఉన్న మెయిన్ జెట్ ఒకటి, ఆ పెట్రోల్‌ని హెచ్చుతగ్గులు చేసే సూది లాంటి నీడిల్, యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే స్లైడ్, కింది గిన్నెలో పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ తప్ప ఇంకేమీ ఉండవు. మోటార్ సైకిళ్లకు ఉన్నట్టు స్లో స్పీడ్‌కి వేరే జెట్ ఉండదు. ఉన్న ఆ నాలుగు భాగాలు సరిగ్గా కూర్చోకపోతే సర్దుకోవడానికి ఇంకో దారి లేదు.

అపోహ: స్టార్ట్ కావడం లేదంటే కార్బొరేటర్ పోయినట్టే.

డబ్బులు పెట్టే ముందు చూడాల్సినవి ఉన్నాయి. పెట్రోల్ ట్యూబును కార్బొరేటర్ దగ్గర ఊడదీసి ఒక సీసాలోకి వదలండి. ధార ఆగకుండా రావాలి. మొదట బాగా వచ్చి తర్వాత చుక్కలుగా మారితే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. మూత వదులు చేసి చూస్తే తెలిసిపోతుంది. కాసేపు నడిచి ఆగిపోయి, మళ్లీ కాసేపటికి స్టార్ట్ అయ్యే బండ్లలో చాలాసార్లు ఇదే సమస్య. ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గు చూడండి. అదీ బాగుంటే సైలెన్సర్ విప్పండి. పెట్రోల్‌లో ఆయిల్ ఎక్కువ పోసేవాళ్ల బండ్లలో కార్బన్ పేరుకుని పొగ పోయే దారి సన్నబడుతుంది. పికప్ పోయిందని కార్బొరేటర్ మార్చిన వాళ్లకి సైలెన్సర్ శుభ్రం చేయగానే బండి మామూలుగా వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అపోహ: కొత్తది కదా, సెట్ చేసే పంపుతారు. బిగించి స్టార్ట్ చేయడమే.

ఈ నమ్మకం ప్రమాదకరం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. డబ్బాలోంచి తీసిన కార్బొరేటర్‌ని బిగించే ముందు కింది గిన్నె విప్పి చూడండి. ఫ్యాక్టరీలో డ్రిల్లింగ్ చేసినప్పటి ఇత్తడి పొట్టు, రంపపు పొడి లాంటిది అందులో కనిపించడం మామూలే. దాన్ని గాలి కొట్టి పోగొట్టాలి. జెట్ చేతికి వదులుగా తిరుగుతోందేమో చూసి బిగించాలి. ఫ్లోట్ పైకి కిందికి స్వేచ్ఛగా ఆడాలి. ఎక్కడైనా రాసుకుంటే పెట్రోల్ ఓవర్‌ఫ్లో అయి వేడి ఇంజన్ మీద కారుతుంది.

అసలు జాగ్రత్త స్లైడ్ దగ్గర కావాలి. స్లైడ్‌కి కింద ఒక వైపు వాలుగా కోసిన భాగం ఉంటుంది. అది ఎయిర్ ఫిల్టర్ వైపు రావాలి. స్లైడ్ పక్కన పొడుగ్గా గాడి ఉంటుంది, కార్బొరేటర్ లోపలి చిన్న పిన్ను ఆ గాడిలో కూర్చోవాలి. తిప్పి పెట్టేస్తే స్లైడ్ పూర్తిగా కిందికి దిగదు. స్టార్ట్ కాగానే ఇంజన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకుంటుంది. సైకిల్ బ్రేకులతో దాన్ని ఆపడం కష్టం.

అందుకే స్టార్ట్ చేయక ముందే యాక్సిలరేటర్ తిప్పి వదిలి చూడండి. స్లైడ్ కిందికి దిగి ‘టక్’మని చప్పుడు రావాలి. హ్యాండిల్ పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకి తిప్పి కూడా అదే పని చేయండి. హ్యాండిల్ తిప్పినప్పుడు కేబుల్ బిగుసుకుని స్లైడ్ లేస్తే మలుపులో బండి దానంతట అదే దూకుతుంది. కిల్ స్విచ్ (ఇంజన్‌ని ఆపే బటన్) పనిచేయని బండికి నేను కార్బొరేటర్ బిగించను. ముందు ఆ వైరు సరిచేసుకోమంటాను.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది, లీకు ఉండదు.

గాలి లీకయ్యే చోట్లు రెండు. ఒకటి, ఇన్‌లెట్ పైపు ఇంజన్‌కి కలిసే చోటు. రెండు, కార్బొరేటర్ మెడ ఆ పైపు మీదికి ఎక్కే చోటు.

మొదటి దాంట్లో పైపు ముఖం చదునుగా ఉండకపోవడమే సమస్య. వంకర ముఖాన్ని పానాతో ఎంత బిగించినా సందు మూసుకోదు సరికదా, అల్యూమినియంలోని మరలు జారిపోతాయి. గాజు పలక మీద సన్నటి ఎమరీ పేపర్ పెట్టి పైపు ముఖాన్ని దాని మీద గుండ్రంగా రుద్దండి. ముఖమంతా ఒకే మెరుపు వచ్చేదాకా రుద్ది, కొత్త ప్యాకింగ్ వేసి, రెండు నట్లను మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటి పూర్తిగా బిగించాక రెండోది పట్టుకోవద్దు.

రెండో చోట కార్బొరేటర్ మెడకి బిగించడానికి ఒక చీలిక ఉంటుంది. పైపు పూర్తిగా లోపలికి వెళ్లకపోతే ఆ చీలిక గుండానే గాలి పీల్చుకుంటుంది. మెడ లోపల సరిపడే రబ్బరు రింగు వేసి, పైపు దానికి ఆనేదాకా నెట్టి, అప్పుడు స్క్రూ బిగిస్తే చాలు. బలమంతా స్క్రూ మీద పెడితే మెడ పగులుతుంది.

లీకు ఉందో లేదో తేల్చుకోవడానికి ఇంజన్‌ని స్లోలో ఉంచి అతుకుల మీద సబ్బు నీళ్లు కొద్దికొద్దిగా వేయండి. ఇంజన్ శబ్దం మారితే లీకు అక్కడే. పెట్రోల్ చల్లి చూసేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయొద్దు. యాక్సిలరేటర్ వదిలాక కూడా ఇంజన్ స్పీడ్ వెంటనే తగ్గకుండా కాసేపు అలాగే తిరుగుతుంటే అది కూడా లీకు లక్షణమే.

అపోహ: పెట్రోల్ తగ్గిస్తే మైలేజీ పెరుగుతుంది, ఇంజన్‌కేమీ కాదు.

టూ స్ట్రోక్‌లో ఇది అసలుకే ఎసరు పెడుతుంది. ఈ ఇంజన్‌కి ఆయిల్ పెట్రోల్‌తో కలిసే వస్తుంది. పెట్రోల్ తగ్గితే వేడి పెరుగుతుంది, పిస్టన్‌కి అందాల్సిన ఆయిల్ కూడా తగ్గుతుంది. రెండూ కలిసి బోరు మీద గీతలు పెడతాయి.

నీడిల్ మీద గాడులుంటాయి, వాటిలో ఒక దాంట్లో చిన్న క్లిప్పు ఉంటుంది. క్లిప్పుని కింది గాడిలోకి మారిస్తే నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ పడుతుంది. పై గాడిలోకి మారిస్తే తగ్గుతుంది. కొత్త కార్బొరేటర్‌ని పెట్రోల్ ఎక్కువ వైపు నుంచే మొదలుపెట్టి ఒక్కో గాడి తగ్గించుకుంటూ రావాలి. ప్రతి మార్పు తర్వాత కొంత దూరం నడిపి, ఇంజన్ ఆపి ప్లగ్గు చూడండి. ప్లగ్గు మొన దగ్గరి పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లగా ఉంటే ఆగిపోండి, పెట్రోల్ చాలడం లేదు. నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది. నీడిల్ పని చేసేది సగం యాక్సిలరేటర్ దగ్గర. ఫుల్‌లో తేడా ఉంటే జెట్ మార్చాల్సిందే.

ఇంకో సంగతి. భయంతో ఆయిల్ రెట్టింపు పోస్తే మంచిదనుకుంటారు. ఆయిల్ పెరిగిన కొద్దీ జెట్ గుండా వెళ్లే దాంట్లో పెట్రోల్ వాటా తగ్గుతుంది, అంటే మిశ్రమం ఇంకా పలచనవుతుంది. కిట్ కాగితాల్లో మామూలుగా ఉండే లెక్క కొత్త ఇంజన్‌కి 16 వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్, అలవాటయ్యాక 20కి ఒకటి. లీటరుకి చూస్తే 62 మిల్లీలీటర్లు, 50 మిల్లీలీటర్లు. దాన్ని కొలిచి పోయండి, చేతి అంచనాతో వద్దు.

అపోహ: పెద్ద సైజు కార్బొరేటర్ వేస్తే స్పీడ్ వస్తుంది.

చిన్న ఇంజన్ పీల్చే గాలి కొంతే. దారి పెద్దదైతే గాలి వేగం తగ్గి జెట్‌లోంచి పెట్రోల్ సరిగ్గా లేవదు. స్లోలో ఆగిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఉక్కిరిబిక్కిరవుతుంది.

అపోహ: జెట్‌ని సూదితో గుచ్చితే శుభ్రమవుతుంది.

ఇత్తడి మెత్తటిది, రంధ్రం పెద్దదైపోతుంది. పంపుతో గాలి కొట్టండి, లేదా బ్రష్షు నైలాన్ పోగు వాడండి. ఒక కంపెనీ జెట్ మీది నంబరు, ఇంకో కంపెనీ జెట్ మీది అదే నంబరు ఒకటే కావాలని లేదు. కొలిచే పద్ధతులు వేరు. పాత జెట్‌ని పారేయకుండా దాచుకోండి, పోల్చుకోవడానికి పనికొస్తుంది.

అపోహ: ఇథనాల్ పెట్రోల్ వల్లే కార్బొరేటర్లన్నీ పోతున్నాయి.

ఇందులో కొంత నిజం ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ తేమని పీల్చుకుంటుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం కాస్త పలచనవుతుంది కూడా. చవక కార్బొరేటర్లలోని రబ్బరు రింగులు ఉబ్బిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. కానీ రోజూ నడిచే బండిలో ఇబ్బంది తక్కువ. నెలల తరబడి పక్కన పెట్టే బండికే టెన్షన్. అలాంటప్పుడు పెట్రోల్ కాక్ మూసేసి, ఇంజన్‌ని దానంతట అది ఆగేదాకా నడిపి గిన్నె ఖాళీ చేయండి.

అపోహ: ఇది సైకిలే కదా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

1988 మోటారు వాహనాల చట్టంలో నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, 25 సీసీ మించని ఇంజన్ ఉన్న వాటికే మినహాయింపు. 48, 66 సీసీ కిట్‌లు దాని పరిధిలోకి రావు. రోడ్డు మీద నడిపితే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్స్ అన్నీ వర్తిస్తాయి. పిల్లలకి కొనిచ్చే తల్లిదండ్రులకి ఈ మాట విడిగా చెబుతుంటాను. సొంత చేలో, సొంత స్థలంలో నడుపుకోమంటాను.

అపోహ: ఒకసారి బిగిస్తే పని అయిపోయినట్టే.

ఈ ఇంజన్ వణుకుడు ఎక్కువ. మొదటిసారి వేడెక్కి చల్లారాక ఇన్‌లెట్ నట్లు చాలాసార్లు కొంత వదులవుతాయి. చల్లారిన ఇంజన్ మీద పానా పెట్టి ఒకసారి సరిచూడండి, మరుసటి వారం ఇంకోసారి. అప్పుడే ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని కూడా సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. తడి స్పాంజి పెడితే గాలి అందక ప్లగ్గు నల్లబడుతుంది, సెట్టింగ్ తప్పిందనుకుని మళ్లీ నీడిల్ మీద చెయ్యేస్తారు.